కాలితో తెరిచే తలుపు

పోయిన శుక్రవారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూర్చోబోతుండగా నానక్‌రామ్‌గూడ నుంచి ఫోను వచ్చింది. చేసింది అక్క తమ్ముడి కోడలు. "మేడమ్, పెద్దత్తమ్మ పోయింది. చాయ్ ఇద్దామని లేపితే లేవలే," అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. "ఆడోళ్ళు అడుగుతున్నరు మేడమ్. ముత్తైదువ లెక్క పసుపు కుంకుమ పెట్టి సాగనంపాల్నా, వద్దా అని. ఆ ఉత్తరం చదివింది మీరే గదా. మీరు ఎట్లంటే గట్ల జేద్దమంటున్నరు."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. టీ అలాగే చల్లారిపోయింది. యాభై ఏళ్ళ కిందట నేను చదివిన నాలుగు వాక్యాల ఉత్తరం గురించి ఇంకా నన్నే అడుగుతున్నారు. ఆ ఉత్తరాన్ని నేను తప్పు చదివాను. ఈ సంగతి మా నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అక్కకు చెప్పవలసిన మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నాకు తెలుసు.

అక్క అంటే తోబుట్టువు కాదు. డెబ్బై రెండులో నానక్‌రామ్‌గూడ ప్రాథమిక పాఠశాలలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు గది అద్దెకిచ్చిన ఇంటావిడ. ఇప్పుడు అక్కడ తలెత్తితే అద్దాల మేడలే కానీ అప్పుడు రాతిగుండ్లు, జొన్నచేలు, రోజుకు రెండు బస్సులు. మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చారు. నాన్న సచివాలయంలో గుమాస్తా. నేను సిటీలోనే పెరిగినా ఇంట్లో అండీ, గారూ తప్ప మరో మర్యాద తెలియదు. "గది చూడొచ్చాండీ?" అని నేనడిగితే అక్క వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని. "నన్నేనా అండీ అంటున్నవ్? అక్కా అను, సాలు. గదిల తేళ్ళుంటయి, జర సూస్కో" అంది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నాకు ఇరవై రెండు.

ఆమె భర్త ఓడలో వంటవాడు. సముద్రం మొహం ఎరగని ఊరి నుంచి ఓడ ఎక్కిన మనిషి ఆయనొక్కడే. కరువు ఏడాది బొంబాయి పోయి, రేవులో మూటలు మోస్తుంటే ఎవరో వంట తెలుసా అని అడిగి సరుకుల ఓడ ఎక్కించారట. రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాడు. నేను ఒక్కసారే చూశాను. ఉన్న ఇరవై రోజులూ జొన్నరొట్టెలు ఆయనే కొట్టాడు. పిండిముద్దను అరచేతుల్లో తిప్పి, పీట మీద పెట్టి చకచకా తట్టేవాడు. అక్క పక్కన కూర్చుని చూసేది. "మొగోనికి గవేం చేతులో సూడు పంతులమ్మా. నేను కొడితే అంచులు పగుల్తయి, మీ బావ కొడితే పగులయి" అని మురిసిపోయేది. ఆయన తలెత్తకుండా నవ్వేవాడు. మాట తక్కువ మనిషి.

ఆ ఏడాదే, ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనన్న ముల్కీ గొడవలు ముదిరాయి. ఒకరోజు పదిమంది కుర్రాళ్ళు ఇంటి ముందుకొచ్చి ఆంధ్రా పంతులమ్మ ఊరు విడిచి పోవాలన్నారు. నేను గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. అక్క చేటలో బియ్యం చెరుగుతూ చెరుగుతూ లేచి వెళ్ళి గడపలో నిలబడింది. "నా ఇంట్ల కిరాయికున్నది. మీ తమ్ముళ్ళకు అఆలు దిద్దిపిస్తున్నది. ఏమన్న ఉంటే నాతోని మాట్లాడున్రి" అంది. వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. అక్క వచ్చి మళ్ళీ చేట పట్టుకుంది. "ఫికర్ జేయకు, అన్నం తిను" అంది నాతో. నన్ను అలా కాపాడిన మనిషికి నేను చేసింది ఇప్పుడు చెప్పబోతున్నాను.

డెబ్బై మూడు చలికాలంలో బొంబాయి నుంచి ఆ ఉత్తరం వచ్చింది. పడమటి సముద్రం అవతల ఎవరిదో యుద్ధం జరుగుతున్న రోజులు. మధ్యాహ్నం బడి గంట కొట్టగానే అక్క కవరు పట్టుకుని పరుగున వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు. నా ఇంగ్లీషు తెలుగు మీడియంలో బట్టీ పట్టిన ఇంగ్లీషు. కానీ ఊళ్ళో ఇంగ్లీషు ఉత్తరం చదవమని నన్ను అడిగిన మొదటి మనిషి అక్కే. రాదని చెప్పడానికి మనసొప్పలేదు. ఓడ మీద ఎవరో గుర్తు తెలియని వాళ్ళు దాడి చేశారని అర్థమైంది. బాధ్యత ఎవరిదన్నది ప్రభుత్వాల మధ్య వివాదంగా ఉందని, మళ్ళీ రాస్తామని చివర ఉంది. మధ్యలో ఒక ముక్క దగ్గర ఆగాను. లాస్ట్ విత్ ఆల్ హ్యాండ్స్. లాస్ట్ అంటే పోవడం. ఆల్ అంటే అన్నీ. హ్యాండ్స్ అంటే ఒకటో తరగతి పిల్లలకు కూడా నేను చెప్పే మాటే.

"ఓడ మీద దాడి జరిగిందట అక్కా. ఓడ పోయిందట. చేతులన్నీ పోయాయట."

"ఎవలయి చేతులు?"

"అందరివీ అని ఉంది."

"మరి మనిషి?"

ఉత్తరం మళ్ళీ చూశాను. "మనిషి పోయాడని ఎక్కడా లేదక్కా. గొడవ తేలాక మళ్ళీ రాస్తారట."

అక్క బడి అరుగు మీద కూలబడింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ చాలాసేపు ఏడ్చింది. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "చేతులు పోతే పోయినయి. మనిషి ఉన్నడు గదా. నా చేతులు లేవా?" అంది.

ఆ మర్నాటి నుంచి అక్క ఇంటిని చేతుల్లేని మనిషి కోసం తయారు చేయడం మొదలుపెట్టింది. గుండీల చొక్కాలు దర్జీకిచ్చి తల మీంచి తొడిగేలా మార్పించింది. నీళ్ళచెంబును నోటికందే ఎత్తులో తాడుతో వేలాడదీసింది, మూతితో వంచుకుని తాగేందుకు. వడ్రంగిని పిలిపించి వీధితలుపుకు కింద ఒక చెక్క, దానికి తాడు కట్టించింది. కాలితో చెక్క నొక్కితే పైన గొళ్ళెం టక్కున లేచి తలుపు తెరుచుకుంటుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తలుపును కాలితో తన్నితే లక్ష్మి ఉంటుందా అని. "లక్ష్మి ఎట్లనూ రాలే. మనిషన్న రానీ" అంది అక్క.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి తువ్వాలు చేతికిచ్చింది. "నా చేతులు ఎనుకకు కట్టు పంతులమ్మా. మీ బావకు ఏమేం ఇబ్బందయితదో తెల్వాలె" అంది. నేను కట్టాను. ఆమె వంగి పళ్ళెంలోని రొట్టెను నోటితో అందుకోబోయింది. రొట్టె జారింది, పళ్ళెం జారింది, ఆమె ముందుకు పడింది. లేపబోతే వద్దంది. మోకాళ్ళ మీద లేచి మళ్ళీ వంగింది. "రొట్టె సల్లగయితే అందుతలేదు. ఏడిగున్నప్పుడే ముక్కలు జేసి పెట్టాలె. యాద్ పెట్టుకో" అంది. మొహమంతా పిండి. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ ముడి నేనే వేశానన్నది తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు నాకే అసహ్యంగా ఉంటాయి.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక శనివారం సిటీకి, మా ఇంటికి వెళ్ళినప్పుడు మాటల్లో నాన్నతో ఉత్తరం సంగతి చెప్పాను. నాన్న కళ్ళద్దాలు తీసి, ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను.

"హ్యాండ్స్ అంటే అక్కడ చేతులు కాదమ్మా. ఓడలో పనిచేసే మనుషులు. మనుషులంతా ఓడతో పాటే పోయారని రాశారు."

"మరి నేను..."

"పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి చెప్పేయి. రోజులు గడిచే కొద్దీ చెప్పలేవు."

నాన్న చెప్పింది అక్షరాలా నిజమైంది. బస్సులో దారి పొడుగునా వాక్యం కూడబలుక్కున్నాను. ఇంటి ముందు దిగేసరికి అక్క తలుపు దగ్గర గొంతుక్కూర్చుని చెక్కకు ఆముదం రాస్తోంది, కాలికి సులువుగా నొక్కుకోవాలని. నన్ను చూసి "జర తొక్కి సూడు పంతులమ్మా, బిగుసుకున్నదేమో" అంది. నాకు కాలు రాలేదు, నోరూ రాలేదు. తలనొప్పిగా ఉందని గదిలోకి పోయాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు యాభై ఏళ్ళు సాగింది.

అయినా అంతవరకు నాది తెలివితక్కువతనమే. పాపం ఆ తర్వాత జరిగింది. ఎండాకాలంలో అక్క తమ్ముడు వచ్చాడు. అక్కను లోపలుండమని, నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"పంతులమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నిజం జెప్పు. మా బావ ఉన్నడా, లేడా? పటాన్‌చెరు దిక్కు మంచి సంబంధం ఉన్నది. ఆయన పెండ్లాం సచ్చిపోయింది, ఇద్దరు పిల్లలు. మా కులంల మారుమనువు తప్పు గాదు. అక్కకింక ముప్పై నిండలే. నువ్వు లేడను, నేను ఒప్పిస్త."

అంత మంచిగా అడిగాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ రాదు. కానీ నాకు భయమేసింది. ఇన్ని నెలలుగా ఆమె చేసిందంతా నా అజ్ఞానం వల్లేనని ఊరంతా తెలుస్తుందని భయం. ఆంధ్రా పంతులమ్మ చదువు ఇంతేనా అని నవ్వుతారని భయం. తల వంచుకుని అన్నాను, "ఉత్తరంలో చనిపోయారని రాయలేదండి."

అది అబద్ధం కాదు చూడండి. చావు అన్న మాట నిజంగానే అందులో లేదు. అబద్ధం కంటే నీచమైన నిజాలు ఉంటాయని ఆ రోజు నేర్చుకున్నాను. ఆయన "గట్లనా" అని తువ్వాలు దులుపుకుని లేచాడు. తలుపు చాటు నుంచి అక్క నన్ను చూసి నవ్వింది. పంతులమ్మ తన పక్షాన నిలబడిందని ఆమె సంతోషం.

అప్పటి నుంచి నా ఆశలన్నీ ఆ వివాదం మీద పెట్టుకున్నాను. అది తేలితే తెల్లకాగితం మీద స్పష్టంగా రాసిన ఉత్తరం వస్తుంది, దాన్ని చదివితే చాలు, నా తప్పు నేను చెప్పుకోనక్కర్లేదు అనుకున్నాను. పంచాయతీ ఆఫీసులో పేపరు రోజూ తిరగేసేదాన్ని. ఏ పదిరోజులకో లోపలి పేజీలో చిన్న ముక్క కనబడేది. ఆ ఓడ మీద ఎగిరే జెండా ఒక చిన్న దేశానిది, బడిలోని ప్రపంచపటంలో వేలుతో వెతికినా కనబడలేదు. యజమానులు మరో దేశం వాళ్ళు. సరుకు ఇంకో దేశానిది. యుద్ధంలో ఉన్న రెండు పక్షాలూ మేం కొట్టలేదంటే మేం కొట్టలేదన్నాయి. నీళ్ళలో మందుపాతర పెట్టింది అవతలివాళ్ళే అని ఒకరు, ఓడ రాకూడని చోటికి వచ్చిందని మరొకరు. జెండా దేశం నిరసన తెలిపింది. విచారణ సంఘం అన్నారు, దాంట్లో ఎవరుండాలన్నది మళ్ళీ వివాదం. ఎన్ని టన్నుల సరుకు మునిగిందో ప్రతిసారీ రాసేవారు. ఎంతమంది మనుషులో ఒక్కసారీ రాయలేదు.

అక్కకు ఇవన్నీ చదివి వినిపించేదాన్ని. ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేది. "జెండా ఒకలది, ఓడ ఒకలది, సరుకు ఒకలది. మనిషొక్కడే మనోడు. ఆయన ముచ్చట ఎవల్ కూడ అడుగుతలేరు" అనేది. మరుక్షణం ఆమే ధైర్యం చెప్పుకునేది. "అయినా పంచాయితీ నడుస్తున్నదంటే మనిషి ఉన్నట్టే గదా పంతులమ్మా. సచ్చినోనికి పంచాయితీ ఎందుకు?"

ఆమె చెబుతుంటే నేను ఉత్తరాలు రాశాను. బొంబాయి ఏజెంటుకు, ఢిల్లీకి, జెండా దేశం కార్యాలయానికి. "గిట్ల రాయి. మీ జెండా లొల్లి ఎనుకకు సూస్కోన్రి. మా మనిషి ఏ దవాఖానల ఉన్నడో ముందుగాల జెప్పున్రి" అని ఆమె అనేది. నాకు తెలిసి తెలిసి నేను ఇంగ్లీషులో ఆ దవాఖాన గురించే రాసేదాన్ని. అక్కడెవరో ఏ గుమాస్తానో నా ఉత్తరం చదివి, ఈమెకు మతి తప్పిందనుకుని ఉంటాడు. జవాబులు ఒకరి మీద ఒకరు తోసేవి. ఏజెంటు యజమానులను అడగమనేవాడు, యజమానులు జెండా దేశాన్ని, జెండా దేశం కొట్టినవాళ్ళను. కొట్టినవాళ్ళెవరో ఎవరూ చెప్పరు. బతికినవారు ఎవరూ లేరని ఒక జవాబులో ఉంది. విషయం ఇంకా వివాదంలో ఉందని దాని కింద ఉంది. నేను కింది వాక్యమే చదివాను.

అలా అయిదారేళ్ళు గడిచాయి. డెబ్బై తొమ్మిదిలో నాకు బదిలీ అయింది. అదే నెలలో ఆఖరి ఉత్తరం వచ్చింది. బాధ్యత తేలలేదని, సంబంధిత ప్రభుత్వాలు విషయాన్ని ముగించుకున్నాయని, ఇకపై జవాబులు ఉండవని. ఇన్నేళ్ళు నేను ఎదురుచూసిన స్పష్టమైన ఉత్తరం అది కాదు. మునిగిన మనుషుల మీద వాళ్ళు కాగితం కప్పి చేతులు దులుపుకున్నారు. అక్క నా మొహంలోకి చూస్తోంది.

"ఇంకా నడుస్తోందట అక్కా."

"నడవనీ. తొందరేమున్నది. తొందరపడితే తప్పు తీర్పులొస్తయి" అంది. ఉత్తరాన్ని మిగతావాటితో పాటు రేకుపెట్టెలో పెట్టింది. ఎవరైనా వాటిని చదివి పెడతామంటే ఇవ్వలేదట ఎప్పుడూ. మా పంతులమ్మ సదివింది, సాలు అనేదట. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ కాల్చింది.

తర్వాత నేను ఊళ్ళు మారాను, పెళ్ళి, పిల్లలు, రిటైర్మెంటు. ఏడాదికి రెండుమూడుసార్లు వెళ్ళి చూసేదాన్ని. ఊరు పోయి ఆఫీసులు వచ్చాయి. అక్క ఇంటికి స్లాబు పడింది, తలుపు మాత్రం మార్చనివ్వలేదు. వచ్చేవాళ్ళంతా చేత్తోనే గొళ్ళెం తీసేవారు. ఎప్పుడైనా పిల్లలు సరదాకి చెక్క తొక్కితే ఆ టక్కుమనే చప్పుడు వేరుగా వినబడేది. ఆ చప్పుడైతే చాలు, అక్క చేతిలో ఏ పనున్నా ఆపి తలుపు వైపు తిరిగేది. పిల్లలను చూసి ఏమీ అనేది కాదు. మళ్ళీ పనిలో పడేది. నేను మాత్రం ఆ చెక్క మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

నాలుగేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చి రెండు చేతులూ పట్టు తప్పాయి. వేలాడే చెంబును మూతితో వంచుకుని నీళ్ళు తాగుతూ నాకు చూపించింది. "మీ బావకని జేపిచ్చిన. నాకే అక్కరకొచ్చింది" అని నవ్వింది. నేను రొట్టె వేడిగా ఉన్నప్పుడే ముక్కలు చేసి పాలలో నానబెట్టి తినిపించాను. యాద్ పెట్టుకోమని ఆమె చెప్పిందే కదా.

పోయిన నెల వెళ్ళినప్పుడు ఇక ఈ బరువు మోయలేననిపించింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. చెవి దగ్గరగా వంగి మొత్తం చెప్పాను. హ్యాండ్స్ అంటే చేతులు కావని, బావ ఆ రోజే పోయాడని, నాకు తెలిసి కూడా తమ్ముడితో అబద్ధమాడానని. చెబుతూ ఏడ్చాను. ఆమె నా మొహం చూసి కంగారుపడింది.

"చెవుల పడ్తలేదు పంతులమ్మా. గట్టిగ జెప్పు."

బయట తమ్ముడి కోడలు బట్టలు ఆరేస్తోంది. ఆ మాటను గట్టిగా ఎలా అరవను?

"తిన్నావా అని అడిగానక్కా" అన్నాను గట్టిగా.

"తిన్న, తిన్న. దానికెందుకు ఏడుస్తున్నవ్?" అంది.

శుక్రవారం షేర్ ఆటో దిగి సందులోకి నడుస్తుంటే, ఆమె తమ్ముడి కోడలు అడిగిన ప్రశ్న నాతో పాటే నడిచింది. నిజం చెబితే బొట్టు లేకుండా, గాజులు తీసేసి పంపుతారు. యాభై ఏళ్ళు ఆమె పెట్టుకున్న బొట్టు తప్పని చెప్పినట్టవుతుంది. ఆమెకు చెప్పలేని నిజాన్ని ఆమె శవానికి చెప్పడం ఏం న్యాయం? దారిలో కొట్టు దగ్గర ఆగాను. నిజానికి ఆలోచించిందేమీ లేదు, చేతులే చాచి తీసుకున్నాయి.

ఇంటి ముందుకు వచ్చేసరికి తలుపు దగ్గరకు వేసి ఉంది. నా ఒక చేతిలో పూలదండ, ఇంకో చేతిలో పసుపు, కుంకుమ పొట్లాలు, డజను పచ్చగాజులు. గొళ్ళెం తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. కాసేపు నిలబడ్డాను. తర్వాత కింద ఉన్న చెక్క మీద కాలు పెట్టి నొక్కాను.

గొళ్ళెం టక్కున లేచింది. ఆ చప్పుడుకి లోపలున్న వాళ్ళందరూ తలుపు వైపు తిరిగారు. అక్క ఒక్కతే తిరగలేదు.